నొక్కితే ‘తన్యత’ ఎలా అవుతుంది?

సందేహం: బొగ్గుగని పైకప్పు రాతికి చేసే పరీక్ష గురించి మా నోట్సులో ‘తన్యతా బలం’ (టెన్సైల్ స్ట్రెంగ్త్), ‘నమూనా వైఫల్యం చెందిన భారం’ అని ఉంది. మావాళ్లు ‘లాగుడు బలం’ అంటారు. తీరా చూస్తే మిషన్లో రాతిబిళ్లను నొక్కుతున్నారే తప్ప ఎవరూ లాగడం లేదు. ఏది సరైన మాట?
– ఒక పాఠకుడు, బల్లార్షా (చంద్రపూర్ జిల్లా)

సమాధానం: ‘తను విస్తారే’ అంది సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం. విస్తారమంటే పరుచుకోవడం, సాగడం. ఎవరో అటుకొస ఇటుకొస పట్టి లాగాలన్న నియమం ఆ ధాతువులో లేదు. తంతువు, తంత్రి, సంతానం, వితానం అన్నీ ఈ ఇంటి పిల్లలే. వితానమంటే పైన పరిచిన చాందినీ. మీ గ్యాలరీ, అంటే గని లోపలి దారి, పైకప్పూ ఒక వితానమే. తన బరువుకు తానే వంగితే నడుమ అడుగుపొర సాగబోతుంది. నొక్కుడును ఓర్చుకునే రాయి, ఈ సాగుడు దగ్గర సుమారు అందులో పదోవంతుకే చేతులెత్తేస్తుంది. గని డిజైనుకు ఈ అంకె కావలసింది అందుకే.

ఇక మీ బిళ్ల. వ్యాసం 54 మి.మీ., మందం అందులో సగం. అంచుకు ఒక్క చుట్టు టేపు వేసి, వంపు దవడల మధ్య నిలబెట్టి, సెకనుకు 200 న్యూటన్ల చొప్పున భారం పెంచుతారు. నిలువునా నొక్కిన బిళ్ల అడ్డంగా విస్తరించబోయి నడిమధ్య నుంచి చీలుతుంది. ధాతువు చెప్పిందీ ఇదే కదా! 1943లో బ్రెజిల్ ఇంజనీరు కార్నెయిరో కాంక్రీటు కోసం చెప్పిన పద్ధతి కనుక బ్రెజిలియన్ పరీక్ష అన్నారు. భారాన్ని రెట్టింపు చేసి, వ్యాసం, మందం, 3.1416 మూడింటి లబ్ధంతో భాగించాలి. 9 కిలోన్యూటన్ల దగ్గర చీలితే సుమారు 3.9 మెగాపాస్కల్స్. పగులు దవడ కింద మొదలైతే ఆ రీడింగు పనికిరాదు. పొరలు ఏ దిశలో ఉన్నాయో రాసుకోకపోతే అంకెలకు పొంతన కుదరదు. పొర వెంట చీలిన బిళ్ల తక్కువ చూపిస్తుంది.

నిజంగా లాగే పరీక్షా ఉంది. రాతి కడ్డీ రెండు కొసలకూ లోహపు టోపీలు ఎపాక్సీతో అతికించి లాగుతారు. లాగుడు ఇసుమంత పక్కకు తప్పినా వంపు చేరి లెక్క చెడుతుంది. ‘లాగుడు బలం’ దానికైతే అచ్చంగా సరిపోతుంది.

పట్టుబట్టి చూస్తే ‘తన్య’ రూపమూ నిర్దోషం కాదు. హల్లుతో ముగిసే ధాతువుకు ణ్యత్ అనే ప్రత్యయం చేరితే ‘తాన్య’ కావాలి. పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది కనుక రిపోర్టులో ‘తన్యతా బలం’ ఉండనివ్వండి. గనిలో ‘లాగుడు బలం’ అంటే నేనైతే అడ్డు చెప్పను. ఆ ‘వైఫల్యం చెందడం’ మాత్రం కొట్టేయండి. పరీక్ష తప్పడానికి అదేమైనా విద్యార్థా? తాడు తెగుతుంది, కర్ర విరుగుతుంది, రాయి పగులుతుంది. ‘బిళ్ల పగిలిన భారం’ అని రాయండి.