సరెండర్ విలువ కట్టినదానికంటే ఎందుకు తక్కువ? ప్రీమియం, పాలసీ విలువల లెక్క

ప్రశ్న: నా వయసు 45. ఐదేళ్ల క్రితం 20 ఏళ్ల ఎండోమెంట్ పాలసీ తీసుకున్నాను. బీమా మొత్తం 10,00,000, ఏటా ప్రీమియం 42,000, బోనస్ లేదు. ఇప్పటికి ఐదు ప్రీమియాలు, అంటే 2,10,000 కట్టాను. ఆరో ప్రీమియం గడువు దగ్గర పడింది. ఇప్పుడు సరెండర్ చేస్తే 1,15,000 మాత్రమే వస్తుందని కంపెనీ అంటోంది. నా ప్రీమియాన్ని ఏ లెక్కన నిర్ణయించారు? మిగతా డబ్బు ఏమైంది? పాలసీ కొనసాగించాలా, వదులుకోవాలా?

జవాబు: కట్టిన ప్రీమియాలన్నీ మీ పేరు మీద ఒకచోట పోగై ఉంటాయని అనుకోవడం సహజమే గానీ, జీవిత బీమా లెక్క అలా సాగదు. ఏ రోజున చూసినా పాలసీ విలువ అంటే, ఇకమీదట మీకు రావడానికి అవకాశం ఉన్న మొత్తం ప్రస్తుత విలువలోంచి, ఇకమీదట మీరు కట్టవలసిన ప్రీమియాల ప్రస్తుత విలువను తీసివేయగా మిగిలేది. ప్రస్తుత విలువ అంటే, ముందు ముందు చేతులు మారే డబ్బును మధ్యలో వచ్చే వడ్డీ మేరకు తగ్గించి నేటి లెక్కలో చూడటం. మీ మూడు ప్రశ్నలకూ సమాధానం ఈ నిర్వచనంలోనే ఉంది కాబట్టి, ముందు లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం.

ప్రీమియం లెక్కకు మూడు అంచనాలు కావాలి. ఏ వయసులో వెయ్యిమందికి ఎంతమంది చనిపోతారో చెప్పే మరణాల పట్టిక మొదటిది, నిల్వ మీద వచ్చే వడ్డీ రేటు రెండోది, కంపెనీ ఖర్చులు మూడోది. ఖర్చులను కాసేపు పక్కన పెడితే సూత్రం ఒక్కటే: పాలసీ మొదలైన రోజున, రాబోయే ప్రీమియాలన్నిటి ప్రస్తుత విలువ, చెల్లించబోయే క్లెయిములన్నిటి ప్రస్తుత విలువకు సమానం కావాలి.

చిన్న ఉదాహరణతో దీన్ని పూర్తిగా చేసి చూపిస్తాను. ఒకే వయసున్న వెయ్యిమంది తలా 1,00,000కి మూడేళ్ల టర్మ్ పాలసీ, అంటే గడువులోపు చనిపోతేనే డబ్బు వచ్చే పాలసీ, తీసుకున్నారనుకుందాం. మొదటి ఏడాది 10 మంది, రెండో ఏడాది 20 మంది, మూడో ఏడాది 30 మంది చనిపోతారని పట్టిక చెబుతోంది. ఉదాహరణ కోసం మరణాలను కావాలనే ఎక్కువగా తీసుకున్నాను. వడ్డీ 5 శాతం, క్లెయిములు ఏడాది చివర చెల్లిస్తారు. ఆ మూడేళ్ల క్లెయిములను నేటి విలువకు తగ్గిస్తే మొత్తం సుమారు 53,57,950 వస్తుంది. ఇక ప్రీమియాలు మొదటి ఏడాది 1,000 మంది, తర్వాత 990 మంది, ఆపైన 970 మంది కడతారు. ఏటా తలా ఒక్క రూపాయి కడితే ఆ మొత్తం ప్రస్తుత విలువ 2,822.68. మొదటి సంఖ్యను రెండోదానితో భాగిస్తే ఒక్కొక్కరి వార్షిక ప్రీమియం 1,898.18 అవుతుంది.

అదే ఏ ఏటి రిస్కుకు ఆ ఏడే వసూలు చేస్తే మొదటి ఏడాది 952, రెండో ఏడాది 1,924, మూడో ఏడాది 2,946 కట్టాలి. వయసు పెరిగేకొద్దీ ప్రీమియం ఇలా పెరుగుతూ పోతే, బీమా అత్యవసరమైన వయసులోనే మనిషి దాన్ని కట్టలేక వదులుకుంటాడు. 1693లో ఎడ్మండ్ హేలీ బ్రెస్లా నగరపు జనన మరణాల లెక్కల నుంచి పట్టిక తయారుచేసి దారి చూపినా, జీవితాంతం ఒకే ప్రీమియం ఉండే పద్ధతిని లెక్కగట్టింది 1750లలో లండన్‌కు చెందిన గణిత ఉపాధ్యాయుడు జేమ్స్ డాడ్సన్. 45 ఏళ్లు దాటాయన్న కారణంతో అప్పటి బీమా సంఘం ఆయనను చేర్చుకోలేదు. ఆయన 1757లో మరణించారు, ఆ లెక్కల మీద ఆధారపడిన సంస్థ 1762లో మొదలైంది. మీ వయసుకే తలుపు మూసిన రోజులవి కాబట్టి ఆ మార్పు ఎంత పెద్దదో మీకు చెప్పనక్కరలేదు.

సమాన ప్రీమియం వల్ల తొలి ఏళ్లలో అవసరానికి మించి వసూలవుతుంది. ఆ మిగులే రిజర్వు, అంటే పాలసీ విలువ. మన ఉదాహరణలో మొదటి ఏడాది 18,98,182 వసూలై, వడ్డీతో 19,93,091 అవుతుంది. పదిమంది క్లెయిములకు 10,00,000 పోగా మిగిలిన 9,93,091ని బతికున్న 990 మందికి పంచి చూస్తే తలకు 1,003 వస్తుంది. రెండో ఏడాది ఆ నిల్వకు 990 మంది ప్రీమియాలు కలిసి, వడ్డీ చేరి, 20,00,000 క్లెయిములు పోయాక 10,15,906 మిగులుతుంది, అంటే 970 మందికి తలకు 1,047. మూడో ఏడాది ప్రీమియాలు, వడ్డీ కలిస్తే సరిగ్గా 30,00,000 అవుతుంది. ముప్పైమంది క్లెయిములకు అది చెల్లిపోయి నిల్వ సున్నాకు చేరుతుంది. టర్మ్ పాలసీ గడువు ముగిశాక ఏమీ రాలేదని బాధపడేవారికి నేను ఈ చివరి వరుసే చూపిస్తాను. ఆ డబ్బును ఎవరూ దాచుకోలేదు, అది చనిపోయినవారి కుటుంబాలకు చేరింది.

అదే లెక్కను ఇంకొంచెం లోపలికి వెళ్లి చూస్తే, మొదటి ఏడాది కట్టిన 1,898లో సుమారు 943 ఆ ఏటి రిస్కుకు పోగా, 955 మాత్రమే పొదుపుగా నిలిచింది. కంపెనీ నిజంగా మోసే రిస్కు బీమా మొత్తం అంతా కాదు, అందులోంచి రిజర్వును తీసివేయగా మిగిలినది మాత్రమే. రిజర్వు పెరిగేకొద్దీ రిస్కు తగ్గుతుంది.

ఎండోమెంట్‌లో గడువు చివర బతికున్నవారికి కూడా పూర్తి మొత్తం చెల్లించాలి కాబట్టి, రిజర్వు సున్నాకు కాక 10,00,000కు చేరవలసి ఉంటుంది. అందుకే ప్రీమియంలో పెద్ద భాగం పొదుపే. కంపెనీ 4 శాతం వడ్డీ అంచనా వేసిందనుకుంటే, మరణాలూ ఖర్చులూ లేకపోయినా 20 ఏళ్లలో 10,00,000 పోగవడానికి ఏటా 32,290 కావాలి. మీ 42,000లో మిగిలిన 9,710 మరణ రిస్కుకు, ఏజెంటు కమీషన్‌కు, కార్యాలయ ఖర్చులకు, కంపెనీ లాభానికి వెళ్తుంది. ఆ 32,290 చొప్పున ఐదేళ్లు పోగైతే సుమారు 1,81,900 అవుతుంది. మీ పాలసీ విలువ స్థూలంగా ఆ ప్రాంతంలో ఉండాలి.

మరి 1,15,000 ఎందుకు? కమీషన్, వైద్య పరీక్ష, పాలసీ జారీ వంటి ఖర్చుల్లో అధిక భాగం మొదటి ఏడాదే జరిగిపోతుంది. కంపెనీ వాటిని 20 ఏళ్ల ప్రీమియాల నుంచి కొద్దికొద్దిగా రాబట్టుకోవాలని లెక్క వేసుకుంటుంది. ఇంకా రాబట్టుకోని భాగాన్ని రిజర్వులోంచి తగ్గించే పద్ధతిని 1863లో జర్మన్ యాక్చువరీ (బీమా లెక్కల నిపుణుడు) ఆగస్ట్ జిల్మర్ ప్రతిపాదించారు, నేటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. దానిపైన మధ్యలో వెళ్లిపోయేవారికి వేసే కోత కూడా కలిస్తే సరెండర్ విలువ తయారవుతుంది. ఈ కోతలు తొలి ఐదారేళ్లలోనే అతి కఠినంగా ఉంటాయి. అమ్మేటప్పుడు ఈ సంగతిని పాలసీదారుకు అంకెలతో చెప్పకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

ఇక నిర్ణయం. మొదటి రోజు నుంచి చూస్తే, మెచ్యూరిటీ దాకా మీ పొదుపు మీద వచ్చే రాబడి ఏటా సుమారు 1.6 శాతమే. అయితే పోయిన ఖర్చులు మీరు కొనసాగించినా, ఆపేసినా తిరిగి రావు. ఈరోజు మీ చేతిలో ఉన్నది 1,15,000. దాన్ని పాలసీలో ఉంచి, ఇంకా 15 ప్రీమియాలు కట్టి, 10,00,000 తీసుకుంటే వచ్చే రాబడి సుమారు 3.2 శాతం, దానితోపాటు 15 ఏళ్ల బీమా రక్షణ. చాలామంది ఈ రెండు రేట్లనూ కలగాపులగం చేసి, కోపంలో సరెండర్ చేస్తారు.

మూడో దారిని మీరు అడగలేదు గానీ నాకు అదే ముఖ్యంగా కనిపిస్తోంది. ప్రీమియం ఆపేసి పాలసీని పెయిడప్ చేయవచ్చు. చాలా ఎండోమెంట్ పాలసీల్లో కట్టిన ప్రీమియాల నిష్పత్తిలో బీమా మొత్తం తగ్గుతుంది. మీకు 20లో 5 కాబట్టి 2,50,000 అవుతుంది. మీ పాలసీ పత్రంలోనూ ఇదే నిష్పత్తి ఉంటే, నేటి 1,15,000 పదిహేనేళ్లకు 2,50,000 అవడమంటే ఏటా సుమారు 5.3 శాతం. మరోవైపు, ఇకమీద కట్టే 42,000ల వల్ల అదనంగా వచ్చేది 7,50,000 మాత్రమే, అంటే వాటి మీద రాబడి సుమారు 2.1 శాతం. అదే డబ్బును భద్రమైన 4 శాతం డిపాజిట్లో వేస్తే 15 ఏళ్లకు సుమారు 8,74,600 అవుతుంది. 7,50,000 కంటే ఎక్కువైన ఆ తేడాను అదే 4 శాతం వడ్డీతో ఏటా కట్టే మొత్తంగా మారిస్తే 5,985 వస్తుంది. 7,50,000కు 15 ఏళ్ల టర్మ్ పాలసీ అంతకంటే తక్కువ ప్రీమియానికి దొరికితే, పెయిడప్ చేసి, టర్మ్ తీసుకుని, మిగిలింది విడిగా పొదుపు చేయడమే మీకు లాభం. మీకు దొరికే వడ్డీని, పన్నుల ప్రభావాన్ని పెట్టి ఈ లెక్కను మళ్లీ చేసుకోండి.

ఇదంతా మీరు ఆరోగ్యంగా ఉంటేనే. ఈ ఐదేళ్లలో షుగర్, గుండె జబ్బు వంటివి ఏవైనా బయటపడి ఉంటే, మీ మరణ రిస్కు కంపెనీ పట్టికలో ఉన్నదానికంటే ఎక్కువ. అప్పుడు మీ పాలసీ కంపెనీ చెప్పే విలువకంటే మీకు చాలా ఎక్కువ విలువైనది, కొత్త టర్మ్ ఖరీదైనా కావచ్చు, దొరక్కపోనూ వచ్చు. ఆ పరిస్థితిలో 3.2 శాతాన్ని పట్టించుకోకుండా ఆరో ప్రీమియం కట్టేయండి. ఆరోగ్యం బాగుంటే, పెయిడప్ మొత్తం, సరెండర్ విలువ ఎంతో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. కొత్త టర్మ్ పాలసీకి వైద్య పరీక్షలు పూర్తయి, పత్రం చేతికి వచ్చి, అది అమల్లోకి వచ్చాకే పాత పాలసీ ప్రీమియం ఆపండి. అంతలో ఆరో ప్రీమియానికి గ్రేస్ పీరియడ్ ఎన్నాళ్లో అడిగి తెలుసుకుంటే తొందరపడే అవసరం ఉండదు.