కవలలు కడుపులో ఉంటే ఏడు కిలోలు ఎక్కువా?

ప్రశ్న: నాకు 26వ వారం, కడుపులో కవలలు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. గర్భం రాకముందు 50 కిలోలు, ఇప్పుడు 57. ఇంకా తింటే పిల్లలు లావై కాన్పు కష్టమవుతుందని మా అత్తగారు రాత్రిపూట అన్నం మానేయమంటున్నారు. నాకూ నాలుగు ముద్దలు తినగానే గుండెల్లో మంట. మానేయవచ్చా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: వద్దమ్మా, మానకండి. 26వ వారానికి ఏడు కిలోలు ఒక్క బిడ్డను మోసేవారికైతే సరిపోతాయి. మీ అత్తగారు ఎరిగిన కాన్పులు అవే అయ్యుంటాయి, ఆవిడ తప్పేం లేదు. కవలలకు మాత్రం ఇది తక్కువే.

ఎత్తుకు తగ్గ బరువున్నవారు కవలల కాన్పు నాటికి సుమారు 17 నుంచి 24 కిలోలు పెరగాలని 2009లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ చెప్పింది. మీ లెక్కన 67 దాటాలి. మన ఒడ్డూ పొడుగూ వేరు కదా అంటారా, అంకె కాస్త అటూ ఇటూ అయినా ఏడు చాలదు.

పిల్లలు లావవుతారన్న భయం కవలల విషయంలో మాకు దాదాపు ఉండదు. సగానికి పైగా కవలలు 37 వారాలు నిండకుండానే పుడతారు. ఇద్దరూ రెండున్నర కిలోలు దాటారంటే లేబర్ రూమ్‌లో మాకు పండగే! తల్లి సరిగా బరువు పెరగనప్పుడు నెలలు నిండని కాన్పులు, బరువు తక్కువ పిల్లలు ఎక్కువగా కనిపిస్తారు. తింటే చాలు, నెలలు నిండుతాయని గ్యారంటీ లేదు గానీ, మన చేతిలో ఉన్నది అదొక్కటే. పైగా చివరి నెలలో తిందామన్నా పొట్టలో చోటుండదు.

మంటకు మందు అన్నం మానడం కాదు, విడగొట్టి తినడం. పొద్దున ఇడ్లీతో పాటు ఉడికించిన గుడ్డు, పదకొండింటికి గుప్పెడు వేయించిన పల్లీలు, సాయంత్రం సెనగల గుగ్గిళ్లు. రాత్రి ఏడింటికే పప్పన్నం, పెరుగన్నం కొద్దిగా తినండి, తిన్నాక రెండు, మూడు గంటలైనా పడుకోవద్దు. ఐరన్ మాత్ర టీతో గానీ, కాల్షియం మాత్రతో కలిపి గానీ వేసుకోకండి. బరువు కోసమని స్వీట్లు తినొద్దు. షుగర్ పరీక్ష ఇంకా చేయించకపోతే ఈ వారమే చేయించండి.

వారానికొకసారి, ఒకే మిషన్ మీద, పరగడుపున బరువు చూసుకుని రాసి పెట్టుకోండి. నాలుగైదు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగి, ముఖం ఉబ్బడం, తలనొప్పి, కళ్లు మసకలు ఉంటే అది తిండి బరువు కాదు, బీపీ కావచ్చు. అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పిల్లలిద్దరికీ మాయ ఒకటేనా, వేర్వేరా అన్నది మీ స్కాన్ రిపోర్టులో ఉంటుంది. ఒకటే అయితే రెండు వారాలకోసారి స్కాన్ తప్పదు. ఈసారి స్కాన్‌కు అత్తగారినీ తీసుకెళ్లండి, పిల్లల బరువులు డాక్టరు నోటనే వింటారు.