సంఘం సరే, ముందు బీరువా తాళం సంగతి

ప్రశ్న: నరసన్నపేట దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతూ గ్రంథాలయం కూడా నేనే చూస్తున్నాను. చుట్టుపక్కల నాలాంటివారు మరో పదిమంది ఉన్నారు. సంఘంగా ఏర్పడాలనుకుంటున్నాం. బడి గ్రంథాలయాలు చూసేవారికి ఇలాంటి సంఘాలు ఉన్నాయా? విడిగా ఉండటం మంచిదా, గ్రంథాలయ సంఘంలో చేరడం మంచిదా?
- ఒక ఉపాధ్యాయిని

జవాబు: ఉన్నాయమ్మా. మన దగ్గర తొలి అడుగు 1914 ఏప్రిల్ 10న బెజవాడలో పడింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అది అన్ని గ్రంథాలయాలదీ. బడుల సంఘాలు బయటి దేశాల్లో రెండు దారుల్లో వచ్చాయి. అమెరికాలో బడి లైబ్రేరియన్లు 1876 నాటి పెద్ద గ్రంథాలయ సంఘంలోనే ఉంటూ 1951లో అందులో సొంత విభాగం సాధించుకున్నారు. 1971లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టిన అంతర్జాతీయ సంఘం మాత్రం ఉపాధ్యాయ సంఘాల ప్రపంచ సమాఖ్య సమావేశాల్లోంచి వచ్చింది. మీరంతా ముందు ఉపాధ్యాయులు. ఈ రెండో దారే మీకు నప్పుతుంది.

ఇక నా మనసులో మాట. జీతాల తీర్మానాలు ఎలాగూ వస్తాయి, రావాలి కూడా. మొదటి తీర్మానం మాత్రం బీరువా తాళం మీద చేయండి. విజయనగరం జిల్లాలో నేను ఒక బడి గ్రంథాలయం చార్జి తీసుకున్న రోజు పాత మాస్టారు రిజిస్టరు ముందుపెట్టి, ఒక్కో పుస్తకం పేరూ చదివి నాచేత టిక్కు పెట్టించారు. చివర తాళంచెవి నా అరచేతిలో ఉంచి, "ఒక్కటి తగ్గినా నీ జీతంలోంచే బాబూ" అన్నారు. బీరువా తెరిస్తే గుప్పున కలరా ఉండల వాసన. పిల్లల కథల పుస్తకం ఒకటి తీశాను. అంచులు కోయని పుటలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. కొన్నాక ఏ పిల్లవాడూ దాన్ని తెరవలేదన్నమాట. ఆ మాస్టారికి పుస్తకాలంటే ప్రాణం. జీతం కోత అంటే అంతకు మించిన భయం. పుస్తకాలు వాడుకోవడానికే అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే మొదటి సూత్రంగా చెప్పారు. అది కంఠతా వచ్చిన నేను కూడా మూడేళ్లు తాళం తీయలేకపోయాను. ఆ మూడేళ్లలో బడి దాటిపోయిన పిల్లలు ఇప్పటికీ గుర్తొస్తారు.

అందుకని, పిల్లల చేతుల్లో చిరిగినవీ పోయినవీ ఏటా లెక్క చూసి కొట్టివేసే పద్ధతి కావాలని గట్టిగా అడగండి. తొలి సమావేశం శ్రీకాకుళంలో పెట్టుకుంటే కథానిలయం కూడా చూడవచ్చు. బడిపంతులుగా బతికిన కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం అది. తేదీ ఖాయమయ్యాక ఒక కార్డు రాయండి, పొద్దున్నే బస్సెక్కి వస్తాను.