మెల్ట్‌ని పాకం అనొచ్చా?

సందేహం: నేను గాజు మీద రీసెర్చ్ చేస్తున్నానండీ. తెలుగులో ఒక వ్యాసం రాయమన్నారు, ‘మెల్ట్’ని, అంటే వేడికి కరిగి ఉన్నదాన్ని, ‘ద్రవీభూత పదార్థం’ అని రాస్తే మా అమ్మ చదివి ఇదేం భాషే అంది. ‘కరిగిన గాజు’ అందామంటే ఉప్పు నీళ్లలో కరగడానికీ అదే మాట కదా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మీ అమ్మగారే కరెక్టమ్మా. ఇక ‘కరగడం’ గురించి భయం అక్కర్లేదు, వెన్న కరిగినా ఉప్పు కరిగినా మనకి క్రియ ఒకటే గానీ విభక్తి వేరు, ‘నీళ్లలో కరిగింది’ అంటే ఒకటి, ‘వేడికి కరిగింది’ అంటే ఇంకోటి, ఎవరూ పొరబడరు.

అసలు చిక్కు కరిగినదాన్ని ఏమనాలన్నది. నన్నడిగితే ‘పాకం’ అంటాను. నవ్వకండి, మా విజయవాడ వన్‌టౌన్‌లో పల్లీపట్టీ చేసేవాళ్లని చూడండి, లేతపాకమా తీగపాకమా ముదురుపాకమా అని వేళ్ల మధ్య సాగదీసి చెప్పేస్తారు, మీ ల్యాబ్‌లో విస్కాసిటీ అని, అంటే చిక్కదనం, కొలిచేది అదేగా. ముదురుపాకం పళ్లెంలో పోసి చల్లారనిస్తే పెళుసుగా, అద్దంలా వస్తుంది, అది నిజంగా గాజే, ఇసకకి బదులు పంచదారతో చేసింది. అదే కలియబెడుతూ ఉంటే మళ్లీ పలుకులు కట్టేస్తుంది, అందుకేగా నిమ్మచుక్క వేసేది.

రాయీ అంతే. 1798లో జేమ్స్ హాల్ అనే స్కాట్లండ్ ఆయన బసాల్ట్ అనే నల్లరాయిని కొలిమిలో కరిగించి, గబుక్కున చల్లారిస్తే గాజయింది, నిదానంగా చల్లారిస్తే మళ్లీ రాయయింది. ఆయనకి ఆ ఊహ వచ్చిందే ఒక గాజు ఫ్యాక్టరీలో, నిదానంగా చల్లారిపోయిన సీసా గాజు రాయిలా మారిపోవడం చూసి. ఆ బసాల్ట్ మనకీ ఉంది లెండి, రాజమండ్రి దగ్గర పంగిడి క్వారీల్లో తవ్వేది చల్లారిన లావానే.

మరి భూమి లోపలుండే మాగ్మాని కూడా పాకం అనొచ్చా అంటే, వద్దు. మాగ్మా అంటే ఉత్త కరిగిన రాయి కాదు, అందులో గట్టి స్ఫటికాలూ గ్యాస్ బుడగలూ కలిసుంటాయి, అంటే పల్లీలు వేశాక ఉన్న గిన్నె అన్నమాట. దానికి స్కూలు పుస్తకాల్లోని ‘శిలాద్రవం’ ఉంచేయండి, అందులో కరిగిన భాగాన్ని మాత్రం పాకం అనండి.

ఇంకో మాట, ‘గాజు కరిగే ఉష్ణోగ్రత’ అని రాయకండి. స్ఫటికానికైతే ఫలానా డిగ్రీల దగ్గర కరుగుతుంది అనొచ్చు, ఇసకలోని సిలికా సుమారు 1700 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంత వేడి పెట్టలేకే, తక్కువ వేడికే కరగాలని సోడా కలుపుతారు. గాజుకి అలాంటి గీతేమీ లేదు, కిటికీ గాజైతే 550 దాటాక మెల్లగా మెత్తబడుతూ పోతుంది. ‘మెత్తబడే ఉష్ణోగ్రత’ అనండి చాలు.

అన్నట్టు ‘గ్లాసెస్’ని ‘గాజులు’ అని మాత్రం రాయొద్దు, ‘గాజు రకాలు’ అనండి. లేకపోతే ‘గాజుల మీద పరిశోధన’ అని చదివి, మీ అమ్మగారు డజనెంతే అంటారు.