ముస్తాక్ అలీ ట్రోఫీ: ఎవరు గెలిచారు, ఎవరు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు?

గత డిసెంబరులో పుణెలో ఝార్ఖండ్ జట్టు, రాష్ట్ర జట్ల టీ20 టోర్నీ అయిన సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీని తొలిసారి అందుకున్న నాటి నుంచి, ఆ టోర్నీ పాత విజేతల గురించి అడుగుతూ పాఠకులు ఉత్తరాలు రాస్తున్నారు. వాటిలో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా వీధి పిల్లలకు ఆదివారాలు క్విజ్ నిర్వహిస్తుంటాను. ముస్తాక్ అలీ ట్రోఫీ విజేతల పేర్లు రాసుకుందామని కూర్చుంటే ఒక పట్టిక 2006-07లో మొదలవుతోంది, మరొకటి 2009-10లో మొదలవుతోంది. ఏది సరైనది? పూర్తి వివరాలు ఇవ్వగలరా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: రెండూ తప్పు కాదు మాస్టారూ. రాష్ట్ర జట్ల మధ్య తొలి టీ20 టోర్నీని భారత క్రికెట్ బోర్డు 2006-07లో నిర్వహించింది. అప్పటికి దానికి ముస్తాక్ అలీ పేరు లేదు, అంతర్రాష్ట్ర టీ20 టోర్నీ అనేవారు. భారత జట్టు తన తొలి అంతర్జాతీయ టీ20 మ్యాచ్‌ను 2006 డిసెంబరు 1న జొహన్నెస్‌బర్గ్‌లో ఆడింది కనుక, ఆ నాలుగైదు నెలలకే జరిగిన ఈ పోటీలను ఆటగాళ్లు సైతం కొత్త వింతగానే చూశారు. రోహిత్ శర్మ ముంబయి తరఫున గుజరాత్‌పై 101 నాటౌట్ కొట్టి, టీ20ల్లో శతకం చేసిన తొలి భారతీయుడైంది ఆ టోర్నీలోనే. దినేశ్ కార్తీక్ సారథ్యంలోని తమిళనాడు ఫైనల్లో పంజాబ్‌ను ఓడించి మొదటి విజేతగా నిలిచింది. ఆ తర్వాత టోర్నీ మళ్లీ 2009-10లో, ముస్తాక్ అలీ పేరుతో జరిగింది. అందువల్లనే కొందరు లెక్కను అక్కడి నుంచి మొదలుపెడతారు. మా అభిప్రాయంలో 2006-07ను కలుపుకోవడమే న్యాయం, ఎందుకంటే పేరు మారినా టోర్నీ అదే.

ఆ తర్వాతి వరుస ఇది. 2009-10లో మహారాష్ట్ర, 2010-11లో బెంగాల్, 2011-12లో బరోడా, 2012-13లో గుజరాత్, 2013-14లో మళ్లీ బరోడా, 2014-15లో మళ్లీ గుజరాత్, 2015-16లో ఉత్తరప్రదేశ్ గెలిచాయి. 2016-17లో ఈస్ట్ జోన్, 2017-18లో ఢిల్లీ, 2018-19లోనూ 2019-20లోనూ కర్ణాటక, 2020-21లోనూ 2021-22లోనూ తమిళనాడు, 2022-23లో ముంబయి, 2023-24లో పంజాబ్, 2024-25లో మళ్లీ ముంబయి, 2025-26లో ఝార్ఖండ్ విజేతలు. మొత్తం 18 సీజన్లలో తమిళనాడుకు మూడు టైటిళ్లు, బరోడా, గుజరాత్, కర్ణాటక, ముంబయిలకు రెండేసి, మిగిలిన ఏడింటికి ఒక్కొక్కటి దక్కాయి. రంజీ ట్రోఫీని నలభైసార్లకు పైగా గెలిచిన ముంబయి, పొట్టి క్రికెట్‌లో తొలి టైటిల్ కోసం 2022 నవంబరు దాకా ఆగవలసి వచ్చింది. పిల్లల చేత ఊహించి చెప్పించడానికి ఇది మంచి ప్రశ్న అవుతుంది.

ఇంకో చిన్న మనవి. విజేతల పక్కన రన్నరప్ పేర్లు కూడా రాసుకోండి. పంజాబ్ విలువ అప్పుడే తెలుస్తుంది. 2006-07, 2011-12, 2012-13, 2014-15ల్లో నాలుగు ఫైనళ్లు ఆడి నాలుగూ ఓడిన జట్టది. చివరికి 2023 నవంబరు 6న సొంతగడ్డ మొహాలీలో బరోడాపై 223 పరుగులు చేసి, 20 పరుగుల తేడాతో కప్పు ఎత్తింది. అన్‌మోల్‌ప్రీత్ సింగ్ 61 బంతుల్లో 113 కొట్టాడు. బరోడా 203 దాకా వచ్చి భయపెట్టినా అర్ష్‌దీప్ సింగ్ నాలుగు వికెట్లు తీసి ఆ జట్టును ఆపాడు. ఆ బరోడాకు సైతం అది మూడో ఫైనల్ ఓటమి.

ప్రశ్న: 2016-17 విజేతగా ఈస్ట్ జోన్ అని ఉంది. అది రాష్ట్ర జట్టు కాదు కదా?
– ఒక ఇంటర్ విద్యార్థిని, గుంటూరు

జవాబు: కాదు. ఆ ఒక్క సీజన్లో ట్రోఫీ కోసం రాష్ట్రాలకు బదులు అయిదు జోన్ల జట్లు తలపడ్డాయి. ప్రతి జట్టూ మిగిలిన నాలుగింటితో ఒక్కో మ్యాచ్ ఆడింది. ఫైనల్ అంటూ లేదు. ముంబయిలో జరిగిన ఆ పోటీల్లో మనోజ్ తివారీ నాయకత్వంలోని ఈస్ట్ జోన్ నాలుగూ గెలిచి అగ్రస్థానంలో నిలిచింది, సెంట్రల్ జోన్ రెండో స్థానం పొందింది. మరుసటి ఏడాది ట్రోఫీ మళ్లీ రాష్ట్ర జట్లకే వచ్చింది.

ప్రశ్న: ఎందరో గొప్ప ఆటగాళ్లు ఉండగా ఈ టోర్నీకి ముస్తాక్ అలీ పేరే ఎందుకు పెట్టారు? ఆయనకు తెలుగువారితో ఏదో సంబంధం ఉందని మా తాతగారు అనేవారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: మీ తాతగారు చెప్పింది నిజమే. ఆ సంబంధానికి మూలం మీ ఊళ్లోనే ఉంది కూడా. భారత తొలి టెస్టు సారథి సి.కె. నాయుడు నాగపూర్‌లో పుట్టి పెరిగినా, ఆయన పూర్వీకులది మచిలీపట్నం. హోల్కర్ మహారాజు ఆహ్వానంపై ఇందోర్ చేరిన సి.కె., అక్కడ చిన్న కుర్రవాడిగా ఉన్న ముస్తాక్ అలీలోని ప్రతిభను కనిపెట్టి, చేరదీసి ఆట నేర్పించారు. తర్వాతి కాలంలో ఇద్దరూ హోల్కర్ జట్టుకు రంజీ ట్రోఫీలో కలిసి ఆడారు.

ఇందోర్‌లో 1914 డిసెంబరు 17న పుట్టిన ముస్తాక్ అలీ 1934లో ఎడమచేతి స్పిన్నర్‌గా టెస్టుల్లో అడుగుపెట్టి, రెండేళ్లకే కుడిచేతి వాటం ఓపెనర్‌గా పేరు తెచ్చుకున్నారు. 1936 జులైలో మాంచెస్టర్ టెస్టులో భారత్ 203కే ఆలౌటైంది. ఇంగ్లండ్ 8 వికెట్లకు 571 చేసి డిక్లేర్ చేసింది. అంత భారం నెత్తిన పెట్టుకుని రెండో ఇన్నింగ్స్‌కు దిగిన ఓపెనర్ మామూలుగా అయితే వికెట్ కాపాడుకోవడమే పనిగా పెట్టుకుంటాడు. ముస్తాక్ అలీ అలా ఆడలేదు. క్రీజు వదిలి ముందుకు వచ్చి బౌలర్లను బాదుతూ, ఆట ముగిసేలోగా శతకం పూర్తి చేశారు. రెండు జట్లూ కలిసి ఆ ఒక్కరోజే 588 పరుగులు చేశాయి, టెస్టు చరిత్రలో ఒకరోజు పరుగుల రికార్డు నేటికీ అదే. ఆయన 112, రెండోవైపున విజయ్ మర్చంట్ 114 చేయగా తొలి వికెట్‌కు 203 పరుగులు వచ్చాయి, మ్యాచ్ డ్రా అయింది. విదేశీ గడ్డపై టెస్టు శతకం చేసిన తొలి భారతీయుడు ముస్తాక్ అలీయే.

ఆడింది 11 టెస్టులే అయినా జనం ఆయన్ను గుండెల్లో పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో ఆస్ట్రేలియా సర్వీసెస్ జట్టుతో కలకత్తాలో ఆడవలసిన మ్యాచ్‌కు ఆయన్ను పక్కన పెడితే, ముస్తాక్ లేకపోతే టెస్టే వద్దంటూ అభిమానులు సెలెక్టర్‌ను చుట్టుముట్టారు, ఆయన్ను మళ్లీ జట్టులోకి తీసుకోక తప్పలేదు. 2005లో, తన తొంభై ఒకటో ఏట కన్నుమూశారు. తన పేరిట టీ20 టోర్నీ జరగడాన్ని ఆయన చూడలేదు. కానీ మాంచెస్టర్‌లో ఆ సాయంత్రం ఆయన ఆడిన తీరు తెలిసినవారు ఈ పేరే ఎందుకని అడగరు.

ప్రశ్న: ఇన్ని ఫైనళ్లలో మీరు అన్నిటికన్నా గొప్పదిగా ఎంచేది ఏది?
– ఒక పాఠకుడు, బళ్లారి

జవాబు: ఒక్కటి చెప్పమంటే కష్టం, ఎందుకంటే మేము ఎంచేవి రెండు ఫైనళ్లు, రెండింటిలోనూ ఆడినవి కర్ణాటక, తమిళనాడులే. మొదటిది 2019 డిసెంబరు 1న సూరత్‌లో జరిగింది. ఆ ఏడు అక్టోబరులోనే విజయ్ హజారే ట్రోఫీ (రాష్ట్ర జట్ల వన్డే టోర్నీ) ఫైనల్లో తమిళనాడును ఓడించిన కర్ణాటక, ఇక్కడ సెమీఫైనల్లో హరియాణాపై అభిమన్యు మిథున్ ఒకే ఓవర్లో అయిదు వికెట్లు తీసిన ఊపుతో ఫైనల్‌కు వచ్చింది. సారథి మనీశ్ పాండే 60 నాటౌట్ చేయగా 180 పరుగులు పెట్టింది. ఆఖరి ఓవర్లో తమిళనాడు గెలుపుకు 13 పరుగులు కావాలి, బౌలర్ కృష్ణప్ప గౌతమ్. రవిచంద్రన్ అశ్విన్ తొలి రెండు బంతులనూ ఫోర్లుగా మలచడంతో లెక్క నాలుగు బంతుల్లో అయిదుకు దిగివచ్చింది. చూస్తున్నవారందరికీ తమిళనాడు గెలిచేసినట్టే అనిపించింది. మూడో బంతికి పరుగు రాలేదు. నాలుగో బంతికి ఒక్కటి వచ్చింది. అయిదో బంతికి రెండో పరుగు కోసం పరుగెత్తిన విజయ్ శంకర్ రనౌటయ్యాడు. చివరి బంతికి మూడు కావలసి ఉండగా మురుగన్ అశ్విన్ ఒక్కటే తీయగలిగాడు, తమిళనాడు 179 దగ్గర ఆగిపోయింది.

ఒక్క పరుగుతో ఓడడమంటే ఏమిటో ఆ జట్టు మరిచిపోలేదు. కరోనా కారణంగా ఆ ఏడు రంజీ ట్రోఫీయే జరగని 2020-21లో, కార్తీక్ సారథ్యంలోనే ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా అహ్మదాబాద్‌లో బరోడాపై నెగ్గింది. ఆ మరుసటి సీజన్లో, 2021 నవంబరు 22న ఢిల్లీలో, ఫైనల్లో ఎదురుపడింది మళ్లీ కర్ణాటకే. లక్ష్యం 152, ఆఖరి ఓవర్లో 16 కావాలి. ప్రతీక్ జైన్ వేసిన మొదటి బంతిని సాయి కిశోర్ ఫోర్ కొట్టాడు. తర్వాత లెక్క కుదించుకుంటూ వచ్చి చివరి బంతికి అయిదు పరుగులుగా నిలిచింది. ఫోర్ కొడితే మ్యాచ్ సమమవుతుంది, గెలవాలంటే సిక్సర్ ఒక్కటే దారి. షారుఖ్ ఖాన్ ఆ బంతిని లెగ్ సైడ్ బౌండరీ అవతలికి పంపాడు. అప్పటికి అతడి స్కోరు 15 బంతుల్లో 33. సూరత్‌లో రనౌటైన విజయ్ శంకరే ఈసారి తమిళనాడు సారథి. మీది బళ్లారి కనుక ఆ సిక్సర్ మీకు నొప్పి కలిగించి ఉంటుంది గానీ, ఈ రెండు మ్యాచ్‌లను విడదీసి ఒకదాన్ని గొప్పదనడం మావల్ల కాదు.

ప్రశ్న: ఐపీఎల్‌లోని ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన మొదట ఈ టోర్నీలోనే వచ్చిందంటారు. నిజమా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: నిజమే. మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాడి స్థానంలో మరొకరిని దించే ఆ నిబంధనను 2022 అక్టోబరులో మొదలైన సీజన్లో పరీక్షించి చూసి, 2023 ఐపీఎల్‌లో అమలుచేశారు.

ప్రశ్న: హైదరాబాద్ గానీ ఆంధ్ర గానీ ఎప్పుడైనా ఈ కప్పు గెలిచాయా? గెలవకపోతే దగ్గరగా వచ్చినదెప్పుడు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇంతవరకు గెలవలేదు. ఈ వాక్యం రాయడం మాకూ బాధగానే ఉంది. హైదరాబాద్ అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది 2009-10లో, ముస్తాక్ అలీ పేరు పెట్టిన మొదటి సీజన్లోనే. ఫైనల్ చేరి మహారాష్ట్ర చేతిలో ఓడింది. ఆ తర్వాత గట్టి అవకాశం 2021-22లో వచ్చింది. ఆ సీజన్లో టోర్నీ మొత్తంలో అత్యధిక పరుగులు చేసింది మన తన్మయ్ అగర్వాల్ (334), అత్యధిక వికెట్లు తీసింది మన సి.వి. మిలింద్ (18). బ్యాటుకూ బంతికీ అగ్రస్థానాలు రెండూ ఒకే జట్టులో ఉన్నా, సెమీఫైనల్లో తమిళనాడు మీడియం పేసర్ శరవణ కుమార్ 21 పరుగులకే అయిదు వికెట్లు తీయడంతో హైదరాబాద్ 90కే కుప్పకూలింది. ఇందాక చెప్పిన షారుఖ్ ఖాన్ సిక్సర్ ఆ తర్వాతి మ్యాచ్‌లోనిదే.

ఆంధ్రది మరో రకం కథ. పెద్ద స్కోర్లు చేయలేక ఓడిన జట్టు కాదది. 2023లో రాంచీలో పంజాబ్ 275 పరుగులు చేసిన మ్యాచ్‌లో, అవతల వికెట్లు పడుతున్నా రికీ భుయ్ ఒక్కడే నిలబడి 52 బంతుల్లో 104 నాటౌట్ చేశాడు. జట్టు 105 పరుగుల తేడాతో ఓడింది, పంజాబ్ ఆ ఏడు విజేత అయింది. 2024 డిసెంబరు 5న హైదరాబాద్‌లో ముంబయిపై ఆంధ్ర 229 పరుగులు చేసింది. శ్రీకర్ భరత్ 93 నాటౌట్, రికీ భుయ్ 68, అశ్విన్ హెబ్బార్ 52. అంత స్కోరునూ అజింక్య రహానె 54 బంతుల్లో 95 చేసి ముంబయికి అందుబాటులోకి తెచ్చాడు, చివర్లో సూర్యాంశ్ షెడ్గె 8 బంతుల్లో 30 నాటౌట్‌తో మూడు బంతులు మిగిలి ఉండగానే పని ముగించాడు. ఆ ఏడు కప్పు ముంబయిదే. బెంగళూరు ఫైనల్లో మధ్యప్రదేశ్‌పైన కూడా చివర మెరిసింది షెడ్గెయే, 15 బంతుల్లో 36 నాటౌట్. ఆంధ్ర నాకౌట్ దశకు చేరి ఉత్తరప్రదేశ్ చేతిలో ఓడింది. రెండు ఏడాదుల్లో రెండుసార్లు ఆంధ్రను ఓడించిన జట్టే చివరికి విజేత అయిందన్నది ఓదార్పో కాదో మీరే చెప్పాలి.

వ్యక్తిగతంగా అయితే మనవాళ్ల రికార్డు చిన్నది కాదు. 2024 నవంబరులో రాజ్‌కోట్‌లో మేఘాలయపై తిలక్ వర్మ హైదరాబాద్ తరఫున 67 బంతుల్లో 151 చేశాడు. టీ20 మ్యాచ్‌లో 150 దాటిన తొలి భారత పురుష ఆటగాడు అతడే. అంతకు ముందు అత్యధికమైన 147ను శ్రేయస్ అయ్యర్ ఇదే టోర్నీలో 2019లో చేశాడు. దక్షిణాఫ్రికాలో భారత్ తరఫున వరుసగా రెండు శతకాలు కొట్టి వచ్చిన తిలక్‌కు అది వరుసగా మూడో టీ20 శతకం. జట్ల పట్టికలో మాత్రం హైదరాబాద్ పేరు ఇప్పటికీ ఒక్కచోటే, 2009-10 వరుసలో రన్నరప్ గడిలో ఉంది. ఆంధ్ర పేరు ఇంకా ఏ గడిలోనూ లేదు.