టెక్ సందేహాలు: బండలాగుడు పోటీని సినిమాలా తీయాలంటే

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. మా పెదనాన్న గిత్తల జత సంక్రాంతి బండలాగుడు పోటీల్లో దిగుతుంది. దాని మీద పది నిమిషాల చిన్న సినిమా తీయాలని ఉంది. ఫోన్‌తో తీస్తే టీవీ వార్తల్లో బిట్‌లా వస్తోంది. చేతిలో 80 వేలున్నాయి. ఏ కెమెరా కొనాలి? సెట్టింగులు ఏం పెట్టాలి?
- ఒక డిగ్రీ విద్యార్థి, ప్రకాశం జిల్లా

జవాబు: కెమెరా సంగతికి వచ్చేముందు, మీరు ఎండలో తీసిన ఫోన్ వీడియోను ఒక్కో ఫ్రేమ్ దగ్గర ఆపి చూడండి. ఎత్తిన గిట్ట, ఎగిరిన మట్టిపెళ్ల, చెర్నకోల కొస అన్నీ ఫొటో తీసినట్టు గడ్డకట్టి ఉంటాయి. మీకు నచ్చనిది అదే. చాలా ఫోన్లలో అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, మార్చే వీలుండదు. మన ఎండ తట్టుకోవడానికి ఫోన్ షటర్ తెరిచి ఉండే సమయాన్ని సెకనులో 2000వ వంతుకో, ఇంకా తక్కువకో దించేస్తుంది. అలాంటి ఫ్రేములు వరుసగా ఆడితే కదలిక కుదుపులు కుదుపులుగా కనిపిస్తుంది. సినిమాలో ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయంలో సుమారు సగంసేపు షటర్ తెరిచి ఉంటుంది. అందువల్ల కదిలే కాలు కాస్త అలుక్కుపోయి, పక్క ఫ్రేమ్‌లోకి సాఫీగా జారుతుంది.

కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50 (సెకనులో 50వ వంతు) పెట్టండి. 24 ఫ్రేములైనా ఇబ్బంది లేదు. నేను 25 అనడానికి కారణం మన కరెంటు. అది 50 హెర్ట్జ్, అంటే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. పోటీ రాత్రిదాకా సాగి ఫ్లడ్ లైట్లు వేశారంటే, 1/60లో తీసిన వీడియో మీద చారలు పాకే ప్రమాదం ఉంది. 1/50లో ఆ బెడద ఉండదు. సోనీ కెమెరాలో 25 కనిపించకపోతే మెనూలో వీడియో ప్రమాణాన్ని ఎన్‌టీఎస్‌సీ (NTSC) నుంచి పాల్ (PAL)కు మార్చండి.

ఇప్పుడు చిక్కంతా పగటి ఎండతోనే. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100, షటర్ 1/100 పెడితే అపెర్చర్ ఎఫ్/16 దగ్గర వెలుతురు సరిపోతుంది. మీరు షటర్‌ను 1/50కి తెచ్చి, వెనక జనం కాస్త మసకబారాలని ఎఫ్/4 పెట్టారనుకోండి (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది). ఐదు స్టాపుల వెలుతురు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) ఎక్కువైపోయి తెర తెల్లగా మారుతుంది. ఆ ఐదు స్టాపులనూ మింగేది లెన్సు ముందు బిగించే ఎన్‌డీ ఫిల్టర్, లెన్సుకు నల్లకళ్లద్దాల్లాంటిది. మీ 80 వేలలో మొదటి రూపాయి దీనికే తీసి పెట్టండని గట్టిగా చెబుతాను. 2 నుంచి 5 స్టాపుల దాకా తిప్పుకునే వేరియబుల్ రకం కొనండి. మరీ చవకవాటిని చివరిదాకా తిప్పితే తెర మీద ఇంటూ గుర్తులాంటి నల్లమచ్చ పడుతుంది. దుకాణంలోనే బిగించి, తిప్పి చూశాకే డబ్బివ్వండి.

కెమెరా విషయానికొస్తే, 2021లో వచ్చిన సోనీ జడ్‌వీ-ఇ10ను వాడినదైనా సరే, మంచి స్థితిలో దొరికితే తీసుకోండి. మిగిలిన డబ్బుతో 55-210 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు చూడండి. గిత్తలకు అడ్డం రాకుండా దూరంగా నిలబడి తీయవచ్చు. పైగా దూరం నుంచి జూమ్ చేస్తే కాడి, వెనక బండ, ఆ వెనక జనం ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దగ్గరగా కనిపిస్తాయి. బండ బరువు చూసేవాళ్లకు తెలిసేది అప్పుడే. ఈ లెన్సుకు 49 మిల్లీమీటర్ల ఫిల్టర్ పడుతుంది. కెమెరాతో వచ్చే 16-50కి 40.5. ఒక్క 49 ఫిల్టర్ కొని, చిన్నదానికి స్టెప్-అప్ రింగు (పెద్ద ఫిల్టర్‌ను చిన్న లెన్సుకు బిగించేది) వేసుకుంటే సరి. ఈ కెమెరాలో చేతి వణుకును సర్దే సెన్సర్ స్టెబిలైజేషన్ లేదు, కెమెరాను గబుక్కున పక్కకు తిప్పితే స్తంభాలు ఒరిగినట్టు వస్తాయి. ట్రైపాడ్ తప్పనిసరి.

అసలు పరీక్ష మీ గిత్తల రంగుతోనే. ఒంగోలు జాతి తెలుపు మీద మిట్టమధ్యాహ్నం ఎండ పడితే మూపురం మీది మడతలు, కండరాల కదలిక అన్నీ సున్నం కొట్టినట్టు మాయమవుతాయి. ఒకసారి పోయిన ఆ వివరాన్ని ఎడిటింగ్‌లో ఎవరూ తెచ్చివ్వలేరు. మెనూలో జీబ్రా (వెలుతురు మరీ ఎక్కువైన చోట తెర మీద చారలు చూపేది) ఆన్ చేసి 100 దగ్గర పెట్టండి. గిత్త వీపు మీద చారలు పోయేదాకా ఫిల్టర్ తిప్పండి. తోలేవాళ్ల ముఖాలు కాస్త చీకటిగా ఉన్నా ఫర్వాలేదు, తర్వాత కొంత పైకి లేపవచ్చు. ఎక్స్‌పోజర్ ఆటోలో వదలొద్దు. తెల్ల గిత్త ఫ్రేమ్ నిండా వచ్చినప్పుడల్లా కెమెరా మిగతాదంతా చీకటి చేస్తుంది. తెలుపు తెలుపుగానే కనిపించేలా రంగులు సర్దే వైట్ బ్యాలెన్స్ కూడా అంతే, 5600 కెల్విన్ దగ్గర కట్టేయండి.

ఎస్-లాగ్3 (తర్వాత రంగులు దిద్దుకునేందుకు చప్పగా రికార్డు చేసే పద్ధతి) పెట్టమని స్నేహితులు చెబుతారు. వద్దు. ఈ కెమెరా రికార్డు చేసేది 8 బిట్, అంటే ఒక్కో రంగుకు 256 మెట్లే. లాగ్‌ను సాగదీస్తే ఆకాశం మెట్లు మెట్లుగా విడిపోతుంది. పైగా లాగ్‌లో ఐఎస్‌ఓ ఎక్కువ నుంచే మొదలవుతుంది కాబట్టి ఇంకా చిక్కటి ఫిల్టర్ కావాలి.

పోటీ వేళ మీ చేతిలో ఉండదు, మిగతా కథంతా ఉంటుంది. తెల్లారగట్ల గిత్తలను కడగడం, ఉలవలు పెట్టడం, మువ్వల పట్టెడ కట్టడం మొదటి గంట ఎండలోనే తీయండి. సూర్యుడు మీ వీపున కాదు, గిత్తల వెనక ఉండాలి. అప్పుడే లేచిన దుమ్ము, ముక్కుల్లోంచి వచ్చే ఆవిరి వెలుగుతాయి. నాలుగు వేల లైటు కొన్నా ఆ వెలుతురు రాదు. గాలి గుడ్డ తొడిగిన చిన్న మైకు ఒకటి దగ్గర పెట్టి మువ్వల చప్పుడు విడిగా పట్టండి.

ఇవన్నీ కొనేలోపు, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్ మీ ఫోన్‌లో పనిచేస్తుందేమో చూడండి. అందులో 25 ఫ్రేములు, 1/50 కట్టేసి, సాయంత్రం నీడలో మీ జతను నడిపించి తీయండి. తేడా కనిపిస్తే అప్పుడు దుకాణానికి వెళ్లండి.

ప్రశ్న: స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ వీడియోలు మా అమ్మాయికి వాట్సాప్‌లో పంపితే మసకగా వెళ్తున్నాయి. ఫోన్‌లో బాగానే ఉన్నాయి.
- ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుందమ్మా. అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ కాకుండా డాక్యుమెంట్ ఎంచుకుని అదే ఫైలు పంపండి. 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. డేటా ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి వైఫై ఉన్నప్పుడు పంపండి.