ఫోన్లన్నీ టైప్-సికి మారాక మనకు నిజంగా ఒరిగిందేమిటి?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఆఖరికి ఐఫోన్ కూడా టైప్-సికి వచ్చేసింది. దీనివల్ల మామూలు మనిషికి ఏమైనా ఒరిగిందా, లేక మళ్లీ కొత్త కేబుళ్లు కొనిపించడానికేనా? ఇంట్లో అరడజను పాత ఐఫోన్ కేబుళ్లున్నాయి, వాటినేం చేయాలి?"

నేను ఖమ్మంలో 2009 నుంచి ఫోన్లు బాగుచేస్తున్నాను. పని నేర్చుకున్నది హైదరాబాద్ అబిడ్స్‌లో, జగదీశ్ మార్కెట్లో. ఇన్నేళ్లలో నా చేతుల మీదుగా ఎక్కువగా వెళ్లినవి డిస్‌ప్లేలు, వాటి తర్వాత ఛార్జింగ్ జాకులే. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఒరిగింది, చాలా ఒరిగింది. కాకపోతే పని సగమే అయింది. ఫోనుకున్న రంధ్రం ఒకటైంది గానీ, అందులో దూర్చే వైరు ఇంకా ఒకటి కాలేదు. ఆ సంగతి తెలియకే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ముందు పాత రోజుల మాట. షాపు తెరిచిన కొత్తలో కౌంటరు పక్క గోడకు ఒక చెక్క పలక కొట్టి, మేకులు దిగ్గొట్టి, ఛార్జర్లు వరసగా తగిలించాను. నోకియాలోనే రెండు రకాలు, లావు పిన్ను, సన్న పిన్ను. శామ్‌సంగ్‌కు వెడల్పాటి పిన్ను, అందులోనూ మోడల్‌ను బట్టి తేడాలు. సోనీ ఎరిక్సన్‌ది ఇంకో రకం. మోటోరోలాకు మినీ యుఎస్‌బి. చైనా సెట్లు వచ్చాక ఇక లెక్కే లేదు, సరుకు కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లిన ప్రతిసారీ ఒక కొత్త పిన్ను కనపడేది. పలక మీద పద్నాలుగు తగిలించినా, రోజుకు ఇద్దరు ముగ్గురినైనా "ఈ పిన్ను లేదమ్మా" అని పంపాల్సి వచ్చేది.

ఒక రోజు మాత్రం నా మనసులోంచి పోదు. 2012లో, కరెంటు కోతలు బాగా ఉన్న కాలం. ఊళ్లలో పగటిపూట కరెంటు ఉండేది కాదు కాబట్టి, పని మీద టౌనుకొచ్చినవాళ్లు ఫోను మా దగ్గర ఛార్జింగ్‌కు పెట్టి సాయంత్రం తీసుకెళ్లేవాళ్లు. తల్లాడ వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కొంగు ముడి విప్పి ఫోను తీసి, "బాబూ, మావాడు ఇయ్యాల దుబాయ్ పోతన్నాడు. ఎక్కే ముందు ఫోన్ చేస్తానన్నాడు. ఇదేమో ఆరిపోయింది, జర చూడు" అంది. పలక మీది పిన్నులన్నీ పెట్టి చూశాను. ఒక్కటీ దూరలేదు. చివరికి బ్యాటరీ ఊడదీసి, రెండు తీగల మధ్య బిగించే క్లిప్పు ఛార్జరుకు పెట్టాను. అది వాడినవాళ్లకు తెలుసు, ఆ సన్న తీగలు బ్యాటరీ మీది బంగారు రంగు గళ్లకు సరిగ్గా ఆనితేనే లైటు వెలుగుతుంది, వెంట్రుకవాసి జరిగినా ఆరిపోతుంది. ఆవిడ స్టూలు మీద కూర్చుని నలభై నిమిషాలు ఆ లైటునే చూసింది. బ్యాటరీ వేసి ఆన్ చేయగానే మిస్డ్ కాల్ మెసేజీలు వరసగా పడ్డాయి, ఒకే నంబరు నుంచి ఏడు. తిరిగి కలిపాను. స్విచ్ఛాఫ్. "ఎక్కేశాడేమోలే" అని ఫోను మళ్లీ కొంగున ముడేసుకుని లేచింది. ఇన్వర్టర్ మీద పద్నాలుగు ఛార్జర్లు సిద్ధంగా ఉన్న షాపది. ఆవిడ ఫోనుకు పట్టేది ఒక్కటి లేకపోయింది.

ఒకే పిన్ను ఉంటే ఏం ఒరుగుతుందని ఎవరైనా అడిగితే నాకు ముందుగా ఆవిడే గుర్తొస్తుంది.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. 2009లో యూరోపియన్ కమిషన్ ఫోన్ల కంపెనీలను కూర్చోబెట్టి, ఇకమీదట మైక్రో యుఎస్‌బి వాడతామని ఒప్పందం రాయించింది. నోకియా, శామ్‌సంగ్, మోటోరోలా, యాపిల్ అన్నీ సంతకం పెట్టాయి. అయితే అది చట్టం కాదు, కంపెనీలు ఇచ్చిన మాట. అప్పటికి 30 రకాలున్న ఛార్జర్లు ఆ తర్వాత మూడుకు దిగాయని కమిషన్ చెప్పింది: మైక్రో, టైప్-సి, యాపిల్ వారి లైట్నింగ్. పిన్ను మార్చకుండా విడిగా అడాప్టర్ ఇచ్చినా చాలన్న వెసులుబాటు ఆ ఒప్పందంలో ఉండటంతో యాపిల్ తన దారిన తాను పోయింది. 2012లో ఐఫోన్ 5తో పాటు 30 పిన్నుల పాత వెడల్పు కనెక్టరు తీసేసి లైట్నింగ్ తెచ్చింది. న్యాయంగా చెప్పాలంటే అది మంచి పిన్నే. ఎటు తిప్పి పెట్టినా పట్టేది, ఫోను లోపల విరగడానికి నాలుక లాంటిదేమీ ఉండేది కాదు. టైప్-సి నిర్దేశాలు బయటికొచ్చింది 2014 ఆగస్టులో, అంటే లైట్నింగ్ వచ్చిన రెండేళ్లకు. యాపిల్‌తో నా తగువు ఆ పిన్ను తెచ్చినందుకు కాదు, టైప్-సి అందరికీ వచ్చాక కూడా ఫోన్లలో ఏళ్ల తరబడి దాన్ని పట్టుకుని వేలాడినందుకు.

చివరికి చట్టమే కావాల్సి వచ్చింది. 2022 అక్టోబర్ 4న యూరోపియన్ పార్లమెంట్ ఛార్జింగుకు టైప్-సి తప్పనిసరి చేసే చట్టాన్ని 602 ఓట్లతో ఆమోదించింది, వ్యతిరేకంగా పడ్డవి 13. ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు, ఇయర్‌బడ్స్ లాంటి వాటికి 2024 డిసెంబర్ 28 నుంచి అమలు, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 గడువు. ఓటు పడిన అదే నెలలో యాపిల్ మార్కెటింగ్ అధిపతి గ్రెగ్ జోస్వియాక్ చట్టాన్ని పాటించక తప్పదని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఏడాది తిరక్కుండానే, 2023 సెప్టెంబర్లో ఐఫోన్ 15 టైప్-సితో వచ్చింది. మన దగ్గర కూడా కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 నవంబర్లో అందరినీ పిలిచి మాట్లాడితే, స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లకు టైప్-సి అని ఏకాభిప్రాయం కుదిరింది. 2023 జనవరిలో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ టైప్-సికి భారతీయ ప్రమాణం వెలువరించింది.

రిపేరు బల్ల దగ్గర తేడా ఎలా తెలిసిందో చెబుతాను. మైక్రో యుఎస్‌బి రోజుల్లో నా దగ్గరికొచ్చే ఛార్జింగ్ కేసుల్లో సగం "ఛార్జర్ తిప్పి పెట్టడం" వల్లే. రాత్రి చీకట్లో మంచం పక్కన ఫోను తడుముకుంటూ పిన్ను తలకిందులుగా నొక్కేవాళ్లు. లోపల అయిదు కాళ్ల సన్నటి నాలుక వంగిపోయేది, లేదంటే జాకు మొత్తం బోర్డు మీంచి లేచివచ్చేది. కొన్ని ఫోన్లలో దానితో పాటు కింది రాగి ట్రాక్ కూడా ఊడేది. అప్పుడు వెంట్రుకంత తీగతో జంపర్ వేయాలి, లెన్స్ కింద గంట పని. టైప్-సి వచ్చాక ఆ రకం కేసు దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు వచ్చేవి వేరు. ఒకటి, జేబులోని నూలు పోగులు రంధ్రంలో చేరి గట్టిపడటం. రెండు, తడి చేతులతోనో చెమట పట్టిన ఫోనుకో ఛార్జింగ్ పెట్టడం వల్ల పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టడం. "ఛార్జింగ్ ఎక్కట్లేదు, జాకు మార్చు అన్నా" అని వచ్చినవాళ్లలో చాలామందికి నేను జాకు మార్చను. ఫోను ఆపేసి, చెక్క పుల్లను సన్నగా చెక్కి, మధ్యలోని నాలుకకు తగలకుండా అంచుల వెంబడి నెమ్మదిగా గీకితే బూడిద రంగు ఉండ ఒకటి బయటికొస్తుంది. మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. గుండుసూది, పిన్నీసు మాత్రం వద్దు. టైప్-సిలో 24 పిన్నుల దాకా ఉంటాయి, ఇనుప మొన తగిలితే రెండు కలిసిపోతాయి.

ఇక పోర్టు ఒకటైనా మిగిలిపోయిన చిక్కు. కొత్త కేబుళ్లు కొనిపించడానికేనా అన్న మీ అనుమానానికి జవాబు ఇక్కడే ఉంది.

పోయిన వేసవిలో డిగ్రీ చదివే అమ్మాయి ఒక నెక్‌బ్యాండ్ తెచ్చింది, కొని వారం కాలేదు. "అన్నా, ఇది డెడ్. మా నాన్న కొత్త ఫోన్ ఛార్జర్‌తో పెడితే అసలు లైటే రావట్లేదు." ఆ ఛార్జరుకు రెండు వైపులా సి పిన్నే ఉంది. నేను నా డ్రాయరులోంచి పాత నలుచదరపు పిన్ను (యుఎస్‌బి-ఏ) ఛార్జరు తీసి, ఒక వైపు చదరపు పిన్ను, ఇంకో వైపు సి ఉన్న వైరుతో పెట్టాను. వెంటనే ఎర్రలైటు వెలిగింది. నెక్‌బ్యాండ్‌కు ఏ రోగమూ లేదు.

జరిగేది ఏమిటంటే, పాత చదరపు పిన్ను ఛార్జర్లు అవతల ఏమున్నా లేకున్నా 5 వోల్టులు ఎప్పుడూ వదులుతూనే ఉంటాయి. కొత్త సి ఛార్జరు అలా కాదు. అవతల నిజంగా ఛార్జింగ్ కావలసిన వస్తువు ఉందని తెలిసేదాకా కరెంటు వదలదు. ఆ తెలియజేసే పని 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లనే బుల్లి భాగాలు రెండు చేస్తాయి. అవి ఆ వస్తువు లోపలే ఉండాలి. రెండూ కలిపినా రూపాయి ఖరీదు చేయవు. చవక నెక్‌బ్యాండ్లు, ట్రిమ్మర్లు, టార్చిలైట్లు చేసేవాళ్లు ఆ రూపాయి దగ్గరే కక్కుర్తి పడతారు. రంధ్రం మాత్రం టైప్-సి ఆకారంలో ఉంటుంది, పెట్టె మీద టైప్-సి అని పెద్ద అక్షరాలు. కొన్నవాళ్లు వస్తువు పాడైందని పారేస్తారు. నాకు ఇది మోసంగానే అనిపిస్తుంది. మీ ఇంట్లో అలాంటిదుంటే పాత చదరపు పిన్ను ఛార్జరుతో ఒకసారి పెట్టి చూడండి. ఆ పాత ఛార్జరును మాత్రం పారేయకండి.

ఇంకొకాయన పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు, మా షాపుకు పాత కస్టమర్. ఐఫోన్ 15 ప్రో కొన్నాడు. సి పిన్ను కాబట్టి వీడియోలు కంప్యూటరులోకి చకచకా పోతాయనుకున్నాడు, గంటల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. ఫోను వేగం సెకనుకు 10 గిగాబిట్లు, కానీ పెట్టెలో వచ్చిన వైరు పాత యుఎస్‌బి 2 వేగందే, 480 మెగాబిట్లు. చూడటానికి రెండు వైర్లూ కవలపిల్లల్లా ఉంటాయి. సరైన వైరు ఇప్పించాక ఆయన పని నిమిషాల్లోకి దిగింది.

ఛార్జింగ్ వేగం సంగతీ అంతే. 65 వాట్లని, 80 వాట్లని రాసిన ఫాస్ట్ ఛార్జర్లు చాలావరకు కంపెనీల సొంత పద్ధతుల్లో నడుస్తాయి. ఆ ఛార్జరూ ఆ వైరూ కలిస్తేనే ఆ వేగం. ఇంకో కంపెనీ ఫోనుకు పెడితే ఎక్కుతుంది గానీ మెల్లగా ఎక్కుతుంది. యూరప్ చట్టంలో నాకు బాగా నచ్చిన భాగం ఇక్కడుంది: 15 వాట్లు దాటి ఫాస్ట్ ఛార్జింగ్ ఇచ్చే ఏ వస్తువైనా యుఎస్‌బి పవర్ డెలివరీ (పీడీ) అనే ఉమ్మడి పద్ధతిని కూడా ఒప్పుకుని తీరాలి. సొంత పద్ధతి పెట్టుకోండి, కానీ ఉమ్మడి దారి మూయకండి అన్నమాట. అందుకే ఛార్జరు కొనేటప్పుడు వాట్లు ఎన్నని కాకుండా "పీడీ ఉందా" అని అడగండి. వైరు మీద 60 వాట్లు, 240 వాట్లు అని గుర్తు ఉన్నదే తీసుకోండి. 60 దాటాలంటే వైరు పిన్నులో చిన్న చిప్ ఉండాలి, ఆ చిప్ లేని వైరుకు ఎంత పెద్ద ఛార్జరు పెట్టినా 60 దాటదు.

ఐఫోన్‌కు ఆండ్రాయిడ్ ఛార్జరు పెడితే పేలుతుందేమో అని ఇప్పటికీ అడుగుతారు. పేలదు. ఫోను, ఛార్జరు ముందు మాట్లాడుకుని, ఫోను అడిగినంతే ఛార్జరు ఇస్తుంది. భయపడాల్సింది పేరూ ఊరూ లేని రోడ్డు పక్క ఛార్జర్లకు, వాటి పిన్ను ఏ ఆకారంలో ఉన్నా సరే.

ఇక మీ పాత ఐఫోన్ కేబుళ్లు. ముందు ఇల్లంతా వెతికి లైట్నింగ్ వాడే వస్తువులేమున్నాయో చూడండి. ఐఫోన్ 14 దాకా ఫోన్లు, పాత ఎయిర్‌పాడ్స్ పెట్టె, పాత కీబోర్డు, మౌసు ఇంకా కొన్నేళ్లు నడుస్తాయి, వాటికి రెండు మంచి వైర్లు ఉంచుకోండి. పైతొడుగు చిరిగి లోపలి తీగ కనపడుతున్నవి వాడకండి, ఎవరికీ ఇవ్వకండి కూడా. అలాంటివాటిని చెత్తబండిలో వేస్తే అవి చివరికి చేరేది రాగి కోసం వైర్లు కాల్చేవాళ్ల దగ్గరికే. మా ఊరి చివర ఆ పొగ వాసన నాకు తెలుసు, దాని పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు. ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వండి.

మిగతా బాగున్న వైర్లు పనికొచ్చే మనుషులున్నారు. సెకండ్‌హ్యాండ్‌లో ఐఫోన్ 11, 12 కొనుక్కునే కుర్రాళ్లు నా దగ్గరికి వారానికి నలుగురైదుగురు వస్తారు, వాళ్లకు ఒరిజినల్ వైరు కొనే స్తోమత ఉండదు, రోడ్డు పక్క వైరు కొని ఫోను పాడుచేసుకుంటారు. అందుకే పాత ఛార్జర్ల పలక తీసేసిన చోట ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టాను. ఐఫోన్ 15కు మారినవాళ్లు వాళ్ల పాత వైర్లు అందులో వేసి వెళ్తారు. నేను మీటరు పెట్టి చూసి, బాగున్నవి అడిగినవాళ్లకు ఊరికే ఇస్తాను. మీ అరడజనులో నాలుగైనా అలా మీ దగ్గర్లోని రిపేరు షాపుకు చేర్చండి.